తేలే బోట్ లిఫ్ట్: నేలలో కాళ్లు లేకపోయినా పర్మిషన్ కావాలి

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా చెన్నై వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాం. రిటైరయ్యాక ముట్టుకాడు దగ్గర బ్యాక్‌వాటర్‌ను ఆనుకుని చిన్న ఇల్లు కొనుక్కున్నాను. ఈమధ్య 18 అడుగుల ఫైబర్ బోటు ఒకటి, 60 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారుతో, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పోయినేడు సియాటిల్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మా అల్లుడు తన బోటును మెరీనాలో (బోట్లు అద్దెకు నిలుపుకునే రేవులో) తేలే లిఫ్ట్ మీద పెట్టుకోవడం చూశాను. స్విచ్ వేస్తే బోటు మొత్తం నీళ్లలోంచి పైకి లేస్తోంది. అలాంటిదే మా ఇంటి వెనక పెట్టించుకుందామని డీలర్‌తో మాట్లాడాను. "నేలలో స్తంభం పాతడం లేదు, సిమెంటు పని లేదు, ఇది తేలే వస్తువు, దీనికి పర్మిషనేమీ అక్కర్లేదు సార్" అంటున్నాడు. సగం డబ్బు అడ్వాన్సు కట్టమంటున్నాడు. పక్కింటాయన పంచాయతీలో ఒక లెటర్ తీసుకుంటే చాలంటున్నారు. అక్కడ మా అల్లుడు కూడా పాత లిఫ్ట్ తీసేసి పెద్దది పెట్టాలనుకుంటున్నాడు. మెరీనా ఆఫీసు ఒక దరఖాస్తు పంపిందట. అది నింపితే సరిపోతుందా, గవర్నమెంటు పర్మిషన్ వేరే కావాలా అని అడుగుతున్నాడు. ఇద్దరికీ మీరే దారి చూపించాలి.
– ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: నమస్కారమండీ. ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. డీలర్‌కు అడ్వాన్సు ఇప్పుడే కట్టకండి. ఇంకా ఇవ్వకపోతే అదృష్టం. ఇచ్చేసి ఉంటే, "ప్రభుత్వ అనుమతి రాకపోతే అడ్వాన్సు మొత్తం వాపసు" అని రాతపూర్వకంగా తీసుకోండి. ఆయన చెప్పిన మాట ఇక్కడా చెల్లదు, మీ అల్లుడుగారి ఊళ్లోనూ చెల్లదు. రెండు చోట్లా చట్టాలు వేరు, ఆఫీసులు వేరు. అడిగే ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే: ఆ నీళ్లు ఎవరివి, అందులో కొంత చోటు మీరు ఏ హక్కుతో ఆక్రమిస్తున్నారు? రోడ్డు పక్కన పునాది లేకుండా చక్రాల మీద బంకు పెట్టినా రోడ్డు మీదే పెట్టినట్టు. నీళ్ల మీద తేలే లిఫ్ట్ సంగతీ అంతే.

అసలు ఆ లిఫ్ట్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే అధికారులు ఎందుకు అడ్డుపడతారో అర్థమవుతుంది. బోటుకు రెండు పక్కలా పొడవాటి ప్లాస్టిక్ లేదా ఫైబర్ ట్యాంకులుంటాయి. వాటి అడుగున రంధ్రాలుంటాయి. వాల్వు తెరిస్తే ట్యాంకులోని గాలి బయటికి పోయి నీరు లోపలికి వస్తుంది, లిఫ్ట్ మునుగుతుంది. బోటును దానిమీదికి నడిపి బ్లోయర్ ఆన్ చేస్తే గాలి లోపలికి వెళ్లి, అడుగు రంధ్రాల గుండా నీటిని బయటికి నెట్టేస్తుంది. నాలుగైదు నిమిషాల్లో బోటు అడుగుభాగం ఆరిపోయేంత పైకి లేస్తుంది. నాచు పట్టదు, గుల్లలు అంటుకోవు, ప్రతి ఏడూ యాంటీఫౌలింగ్ పెయింట్ వెయ్యక్కర్లేదు. మంచి సాధనమే, సందేహం లేదు. కానీ ఐదు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పున్న ఆ వస్తువు ఏడాది పొడవునా ఒకే చోట ఉంటుంది. కింద నీటికి వెలుతురు తగ్గుతుంది. దాన్ని కదలకుండా ఉంచడానికి మోకులో, గొలుసులో, లంగరు దిమ్మలో కావాలి. ఆ దిమ్మ అడుగు నేల మీద కూర్చుంటుంది. అంటే నేలకు తగలదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమనిపించేది. కట్టు తెగితే అది ఎటు పోతుంది? 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణా నదికి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు, ఎగువన ఉన్న పెద్ద బోట్లు కొట్టుకొచ్చి విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నాయి. గేట్ల కౌంటర్‌వెయిట్లు విరిగాయి. ఇరుక్కున్న బోట్లను బయటికి తీయడానికి రోజుల తరబడి క్రేన్లు, డైవర్లు కష్టపడటం మనమందరం టీవీలో చూశాం. మీ ముట్టుకాడులోనూ నీటికి అడ్డంగా ఈస్ట్ కోస్ట్ రోడ్ (ఈసీఆర్) వంతెన ఉంది, దాని స్తంభాలున్నాయి, టూరిజం శాఖ బోట్ హౌసు ఉంది. ఒక టన్ను బరువున్న బోటు, దాని కింద లిఫ్ట్ కలిసి వరదలో కొట్టుకుపోతే ఎవరికి తగులుతుందో ఎవరూ చెప్పలేరు. పర్మిషన్ కాగితాల్లో సగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

మీ అల్లుడుగారి సంగతి ముందు చూద్దాం, అది త్వరగా తేలిపోతుంది. ఆయన ఉన్నది మెరీనాలో కాబట్టి అక్కడ పర్మిషన్ రెండంతస్తులుగా ఉంటుంది. పై అంతస్తు మెరీనాది. అమెరికాలో నౌకాయానానికి పనికొచ్చే ఏ నీటిలోనైనా డాక్ (బోటు కట్టే వేదిక), ఫ్లోట్, లిఫ్ట్ లాంటివి పెట్టాలంటే 1899 నాటి రివర్స్ అండ్ హార్బర్స్ చట్టం పదో సెక్షన్ కింద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అనుమతి ఉండాలి. తేలేదైనా అంతే. వాషింగ్టన్ రాష్ట్రంలో దానికి తోడు చేపలు, వన్యప్రాణుల శాఖ ఇచ్చే హైడ్రాలిక్ ప్రాజెక్ట్ అప్రూవల్ ఉంది. 1971 నాటి షోర్‌లైన్ చట్టం కింద నగరం ఇచ్చే అనుమతి ఉంది. అడుగు నేల రాష్ట్రానిదైతే సహజ వనరుల శాఖ లీజు కూడా ఉంటుంది. ఇవన్నీ మెరీనా యాజమాన్యం తన పేరు మీద తీసుకుని, ఆ షరతులకు లోబడి ఒక్కో స్లిప్పును (ఒక బోటు నిలిపే చోటును) అద్దెకిస్తుంది. కింది అంతస్తు ఆ స్లిప్ అగ్రిమెంటు.

కాబట్టి మెరీనా దరఖాస్తు నింపడం తప్పనిసరి, కానీ దానితోనే పని అయిపోయిందనుకోవద్దు. మెరీనా ఆఫీసును ఆయన అడగాల్సింది ఇది: "మీ పర్మిట్ డ్రాయింగులో నా స్లిప్పులో లిఫ్ట్ చూపించారా? చూపిస్తే ఏ సైజుది?" పాతదాని స్థానంలో అదే సైజుది పెట్టడం వేరు, పెద్దది పెట్టడం వేరు. ఇప్పటికే అనుమతి ఉన్న మెరీనాల్లో డాక్‌లు అటూఇటూ మార్చుకోవడానికి ఆర్మీ కోర్ దగ్గర నేషన్‌వైడ్ పర్మిట్ 28 అని ఒకటుంది. దాని హద్దులు గట్టివి: పూడిక తీయకూడదు, కొత్త స్లిప్పులు పెంచకూడదు, మెరీనాను విస్తరించకూడదు. సియాటిల్ డిస్ట్రిక్ట్ ఆఫీసు పెట్టిన ప్రాంతీయ షరతులు కూడా చూసుకోవాలి. కొత్తగా అనుమతులు కావాల్సి వస్తే అక్కడ ఒక సౌకర్యం ఉంది, ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ఆఫీసులు చాలావరకు జార్పా అనే ఒకే ఉమ్మడి దరఖాస్తును అంగీకరిస్తాయి. మనకూ అలాంటిది ఉంటే ఎంత బాగుండేదో.

అక్కడివాళ్లు నీడ గురించి అంతగా పట్టించుకోవడానికి కారణం సాల్మన్ చేపలు. సియాటిల్‌ను ఆనుకున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ప్రాంతపు చినూక్ సాల్మన్‌ను 1999లో ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. వాటి పిల్లలు సముద్రానికి వెళ్లే దారిలో ఒడ్డు వెంబడి, లోతు తక్కువున్న చోట ఈదుతూ పోతాయి. డాక్‌ల నీడ అడ్డొస్తే దారి మార్చుకుని లోతులోకి పోతాయి, అక్కడ వాటిని తినే పెద్ద చేపలుంటాయి. అందుకే డాక్‌ల పైభాగం వెలుతురు దిగేలా జాలీతో ఉండాలంటారు. నీటిలో పని చేయడానికి కూడా ఏడాదిలో కొన్ని నెలలే అనుమతిస్తారు. మీ అల్లుడుగారు ఆర్డర్ పెట్టేముందు ఆ నెలలేవో కనుక్కోవాలి. లేకపోతే లిఫ్ట్ వచ్చి పార్కింగ్ లాట్‌లో పడి ఉంటుంది.

ఇక మెరీనా ఫారంలో అడిగేవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ ప్రతిదానికీ ఒక కారణముంది. లిఫ్ట్ వెడల్పు అడుగుతారు, ఎందుకంటే పక్క స్లిప్పు బోటుకూ మీకూ మధ్య జాగా మిగలాలి. వెనక భాగం బోట్లు తిరిగే దారిలోకి పొడుచుకు రాకూడదు. లిఫ్ట్‌ను డాక్‌కు దేనితో కడతారో అడుగుతారు, గాలికి బోటు ఊగినప్పుడు ఆ లాగుడంతా డాక్ మీదే పడుతుంది కనుక. ఇన్సూరెన్స్‌లో మెరీనాను అదనపు హక్కుదారుగా చేర్చమంటారు. స్లిప్ వదిలి వెళ్లేటప్పుడు లిఫ్ట్ ఎవరు తీయాలో కూడా అందులో రాసి ఉంటుంది. చాలామంది చదవకుండా సంతకం పెట్టేది ఈ చివరి షరతు దగ్గరే. స్లిప్పును ఇంకొకరికి బదిలీ చేస్తే లిఫ్ట్ అనుమతి తనంతట తాను వాళ్లకు పోదు. దాన్ని విప్పి, లాగి, తరలించే ఖర్చు తక్కువేం కాదు.

కరెంటు సంగతి ఆయనకు ప్రత్యేకంగా చెప్పండి. బ్లోయర్ మోటారుకు ఒడ్డు నుంచి కరెంటు వస్తుంది. మంచినీటి సరస్సులో వైరు దెబ్బతిని కరెంటు నీటిలోకి లీకైతే, అక్కడ ఈదుతున్న మనిషి శరీరం గుండా పోతుంది. మంచినీటి కంటే మన శరీరం కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది మరి. ఒంట్లో కండరాలు బిగుసుకుపోయి, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా మునిగిపోతారు. అందుకే అక్కడి ఎలక్ట్రికల్ కోడ్ మెరీనాల్లో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ రక్షణ తప్పనిసరి చేసింది. లిఫ్ట్ దగ్గర పిల్లల్ని ఈతకు దిగనివ్వద్దు. మనవలుంటే మరీ జాగ్రత్త, ఈ ఒక్క మాటా మీరు ఫోన్‌లోనే గట్టిగా చెప్పండి.

ఇప్పుడు మీ ముట్టుకాడు సంగతి. ఇక్కడ మెరీనా లేదు, కాబట్టి పై అంతస్తు అనుమతి తీసుకునే యాజమాన్యమూ లేదు. రెండు అంతస్తుల బరువూ మీ ఒక్కరి మీదే పడుతుంది.

మీ పట్టా తీసి చూడండి. దాంతోపాటు ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే వాళ్ల హద్దుల కొలతల పటం) కూడా. రెండూ తమిళనాడు ఈ-సేవల పోర్టల్‌లో సర్వే నంబరు కొడితే వస్తాయి. స్కెచ్‌లో మీ హద్దు ఎక్కడ ఆగిందో, దాని అవతల ఏమని రాసి ఉందో గమనించండి. గోడ నీళ్లకు ఆనుకుని ఉంది కాబట్టి నీళ్లు కూడా మనవేననే భావన ఈసీఆర్ ఇళ్లలో చాలామందికుంది. పట్టా హద్దు దాటాక ఉన్నది ప్రభుత్వ పోరంబోకు. నీటి కింద నేల ప్రభుత్వానిది. మీ గోడకూ నీటికీ మధ్య పోరంబోకు స్ట్రిప్ ఉంటే, దాని మీదుగా మెట్లో, చెక్క ర్యాంపో వెయ్యడానికి కూడా మీకు హక్కు లేదు. కొన్నప్పుడు ఎవరో కట్టిన మెట్లు ఇప్పటికే ఉండొచ్చు. అవి ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

తర్వాతది సీఆర్‌జెడ్. తీరప్రాంత నియంత్రణ మండలం అంటే సముద్రపు ఒడ్డు మాత్రమే అనుకుంటారు. బ్యాక్‌వాటర్‌లోకి కూడా ఆటుపోట్లు వచ్చినంత మేర అది వర్తిస్తుంది. ఎక్కడిదాకా అనేది కొలిచే పద్ధతి కూడా కేంద్రం ఇచ్చిన సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లోనే ఉంది: ఏడాదిలో అన్నిటికన్నా ఎండు కాలంలో నీటి ఉప్పదనం వెయ్యికి ఐదు పాళ్లు ఉన్నంత దూరం. మీ ఇల్లు ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌నే ఆనుకుని ఉంది కాబట్టి దీని పరిధిలోకి వస్తుందనే అనుకుని నడవండి. ఆ నీటి భాగాన్ని నాలుగో మండలంలో బి వర్గం అంటారు. ఒడ్డున సీఆర్‌జెడ్ వర్తించే దూరం 2011 నోటిఫికేషన్ ప్రకారమైతే పోటు గీత నుంచి 100 మీటర్లు, 2019 దాని ప్రకారమైతే 50 మీటర్లు, లేదా ఆ పాయ వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019 నిబంధనల ప్రకారం జిల్లా మ్యాపు ఆమోదం పొందేదాకా 2011 నిబంధనలే కొనసాగుతాయని ఆ నోటిఫికేషన్‌లోనే రాశారు. అందుకని మొదట అడగాల్సిన ప్రశ్న, "ఈ సర్వే నంబరుకు ఇప్పుడు ఏ మ్యాపు అమల్లో ఉంది?"

మీ ఇంటికి ప్లాన్ అప్రూవల్ ఉండొచ్చు. ఇల్లు వేరు, నీటిలో పెట్టే వస్తువు వేరు. 2019 నోటిఫికేషన్‌లో సొంతంగా ఉండటానికి 300 చదరపు మీటర్ల లోపు ఇంటికి కొన్ని వర్గాల్లో స్థానిక సంస్థ స్థాయిలోనే అనుమతి ఇచ్చే వీలుంది. ఆ సడలింపు నీళ్లకు లేదు. నాలుగో మండలంలో జరిగే పనుల దరఖాస్తును రాష్ట్ర తీర మండల నిర్వహణ సంస్థ పరిశీలిస్తుంది. జెట్టీలు, రేవులు లాంటి, నీటి ఒడ్డు లేకపోతే కుదరని పనులకు అక్కడ అవకాశముంది. కానీ వాటికి పెట్టే కాగితాలు పెద్ద ప్రాజెక్టులను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. 1:4000 స్కేలులో, అధీకృత సంస్థ గీసిన సీఆర్‌జెడ్ మ్యాపు కావాలి. చెన్నైలోనే అలాంటి సంస్థలున్నాయి, అన్నా యూనివర్సిటీలోని రిమోట్ సెన్సింగ్ విభాగం వాటిలో ఒకటి. ఒక్క బోటు కోసం ఇంత చెయ్యాలా అని మీకు అనిపిస్తే నేను తప్పు పట్టను. చిన్న తేలే ఫ్లోట్లకు విడిగా, తేలిగ్గా ఉండే ఒక దారి మన దగ్గర ఉండాలి. అది లేకపోవడం వల్లే జనం డీలర్ల నోటిమాట మీద పనులు చేసుకుంటున్నారు. అలాగని లేని దారిని ఉన్నట్టు నేను చెప్పలేను.

పంచాయతీ లెటర్ గురించి మీ పక్కింటాయన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. పంచాయతీకి సీఆర్‌జెడ్ నీటి మీద అనుమతి ఇచ్చే అధికారం లేదు. కేరళలో మరడు ఫ్లాట్లకు అనుమతి ఇచ్చింది కూడా అప్పటి స్థానిక పంచాయతీయే. అవి సీఆర్‌జెడ్ ఉల్లంఘనేనని, కూల్చేయమని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది, 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలను పేల్చి కూల్చేశారు. లోపల ఉన్నవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కున్న మామూలు మనుషులు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని దానికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు కనపడదు. లిఫ్ట్‌కు అంత సీన్ ఉండదు, నిజమే. తీసేయమంటారు, పెనాల్టీ పడొచ్చు. కానీ ఆ తనిఖీలో వచ్చిన అధికారి మీ గోడనూ, మెట్లనూ కూడా కొలుస్తాడు.

ఇంకా రెండు ఆఫీసులున్నాయి. ఒకటి రాష్ట్ర జల వనరుల శాఖ. వానాకాలం ముందు మొగలో (బ్యాక్‌వాటర్ సముద్రంలో కలిసే చోట) ఇసుక మేట తీయించే బాధ్యత వాళ్లది, వరద నీరు సాఫీగా పోవాలన్నది వాళ్ల ఆందోళన. మీ లిఫ్ట్ ప్రవాహానికి అడ్డం రాదని వాళ్లు ఒప్పుకోవాలి. రెండోది భారత అంతర్గత జలమార్గాల సంస్థ. బకింగ్‌హాం కెనాల్ వచ్చి కలిసేది ఈ బ్యాక్‌వాటర్‌లోనే. మన కాకినాడ వైపు నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువల వరసతోపాటు గోదావరి, కృష్ణా భాగాలను కలిపి 2008లో జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు. మీ స్థలం ఆ దారి మీద పడితే ఈ సంస్థ అభ్యంతరం లేదని చెప్పాలి. నెల్లూరు వాళ్లకు ఈ కాలువను పరిచయం చెయ్యక్కర్లేదు. ఒకప్పుడు కట్టెలు, ఉప్పు, ధాన్యం మోసుకుంటూ పడవలు మీ జిల్లా మీదుగానే మద్రాసు వచ్చేవి.

ఇంత చెప్పాక కూడా, నేను అన్నిటికన్నా ముందు కలవమనేది కోవళం, ముట్టుకాడు జాలర్లను. ఆ నీటిలో పీతలకు, రొయ్యలకు వలలు వేసుకుని బతికేవాళ్లు వాళ్లు. మీ వెనక గోడ దగ్గర ఏ చోట వల వేస్తారో, ఏ నెలలో నీరు ఎంత లాగుతుందో, ఇసుక ఎక్కడ మేట వేస్తుందో వాళ్లకు తెలిసినట్టు ఏ మ్యాపుకూ తెలియదు. ఊరి పెద్దలను కలిసి, తమిళంలోనే మాట్లాడి, మీరేం పెట్టాలనుకుంటున్నారో బొమ్మ గీసి చూపించండి. వాళ్ల వల దారిలో పడుతుందంటే అక్కడితో ఆ ఆలోచన మానుకోండి. ఇది చట్టం కోసం చెప్పడం లేదు. వాళ్ల కూటి మీద మన సరదా పడకూడదు.

బోటు కాగితాలు సరిగ్గా ఉన్నాయా? లిఫ్ట్ ధ్యాసలో పడి అందరూ దీన్ని మర్చిపోతారు. సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్గత నౌకల చట్టం వచ్చింది. ఇంజనుతో నడిచే బోటుకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఉండాలని అది చెబుతోంది. బోటు మీ పేరు మీదికి మారిందో లేదో చూసుకోండి. తమిళనాడు మారిటైమ్ బోర్డు ఆఫీసుకు వెళ్లి హల్ (బోటు బాడీ) నంబరు, ఇంజను నంబరు చూపించి మొదలుపెట్టండి. మొగ దాటి సముద్రంలోకి వెళ్లే ఉద్దేశం ఉంటే మెరైన్ పోలీసులకు కూడా మీ బోటు వివరాలు తెలిసి ఉండాలి. 2008 ముంబై దాడుల తర్వాత తీరం మీద గుర్తు తెలియని బోటు కనిపిస్తే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. బోటుకే కాగితాలు లేకపోతే లిఫ్ట్ దరఖాస్తును ఎవరూ తెరిచి చూడరు.

ఇక డీలర్ చూపించిన మోడల్ మీ బోటుకు సరిపోతుందా అన్నది. బ్రోచర్‌లో బోటు బరువు అంటే చాలాసార్లు ఖాళీ హల్ బరువు. మీది సుమారు 850 కిలోలనుకుంటే, 60 హార్స్‌పవర్ మోటారుకు 110 కిలోల పైమాటే కలపండి. 90 లీటర్ల పెట్రోలు 65 కిలోల దాకా ఉంటుంది. బ్యాటరీ, లంగరు, మోకులు, లైఫ్ జాకెట్లు, వాన పడితే లోపల నిలిచే నీరు. పదకొండు వందలు దాటిపోతుంది. దాని మీద ఇంకో పాతిక శాతం జాగ్రత్త వేసుకుంటే 1400 కిలోల లిఫ్ట్ కావాలి. ఒక ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోలు కాబట్టి, ట్యాంకులు ఒకటిన్నర ఘనపు మీటర్ల నీటిని పక్కకు నెట్టగలిగితేనే బోటు లేస్తుంది. లిఫ్ట్ సొంత బరువు అదనం. ఈ లెక్క డీలర్ చేత కాగితం మీద చేయించండి, దరఖాస్తుకు అదే జతచేయొచ్చు.

లోతు కూడా చూసుకోండి. చెన్నైలో ఆటుపోట్ల తేడా తక్కువ, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా మీటరుకు కాస్త అటూఇటూ. కానీ మొగ ఇసుకతో మూసుకుపోయినప్పుడు లోపలి నీటిమట్టం సముద్రంతో సంబంధం లేకుండా పోతుంది. లిఫ్ట్ పూర్తిగా మునిగినప్పుడు ట్యాంకుల మందం, దాని మీద బోటు నీటిలో మునిగే లోతు, కింద కాస్త ఖాళీ, అన్నీ కలిపితే మనిషి లోతు నీరు కావాలి. మే నెలలో, నీరు బాగా తగ్గిన రోజున, పొడవాటి వెదురు గడకు గుర్తులు పెట్టుకుని కొలవండి. నవంబరులో కొలిచి ఆర్డర్ పెడితే వేసవిలో ట్యాంకులు బురదలో కూరుకుపోతాయి. అడుగు రంధ్రాలు పూడిపోతే బ్లోయర్ ఎంత ఊదినా లేవదు.

తుపాన్ల సంగతి మీకు నేను చెప్పాలా? 2016 డిసెంబరు 12న వర్ధ, 2023 డిసెంబరులో మిచౌంగ్ చెన్నైని ఏం చేశాయో చూసే ఉంటారు. లిఫ్ట్ మీద ఎత్తుగా కూర్చున్న బోటుకు గాలి ఎక్కువ తగులుతుంది. తుపాను హెచ్చరిక వస్తే బోటును నీటిలోంచి తీసి, లోపలికి తీసుకెళ్లి కట్టెయ్యాల్సిందే. అంటే ట్రైలర్ ఎలాగూ కావాలి, దాన్ని లాగే బండీ కావాలి, దించే ర్యాంపూ కావాలి.

అందుకే నా సలహా సూటిగా చెబుతున్నాను. లిఫ్ట్ ఆలోచన మానేసి మంచి గాల్వనైజ్డ్ ట్రైలర్ కొనండి. బోటు మీ కాంపౌండులో, నీడలో, నేల మీద ఉంటుంది. నాచు రాదు, కరెంటు భయం లేదు, నీటిలో మీరు ఒక్క అడుగు కూడా ఆక్రమించినట్టు కాదు. వెళ్లాలనుకున్న రోజున అనుమతి ఉన్న రేవు దగ్గర దించుకుని, సాయంత్రానికి మంచినీళ్లతో మోటారు కడిగి ఇంటికి తెచ్చుకోవచ్చు. నీళ్ల మీదే ఉంచాలన్న కోరిక బలంగా ఉంటే, అనుమతులు ముందే ఉన్న క్లబ్బుల్లో చోటు అడగండి. చెన్నై హార్బర్‌లో రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911 నుంచి ఉంది. పవర్ బోటుకు వాళ్ల నియమాలేమిటో, ఖాళీ ఉందో లేదో కనుక్కోవడంలో తప్పు లేదు. కొచ్చిలో బోల్గాటి ద్వీపం మీద కేరళ టూరిజం వాళ్ల మెరీనా ఉంది. ఒకసారి వెళ్లి చూస్తే మెరీనా నిబంధనలు మన దేశంలో ఎలా రాస్తారో తెలుస్తుంది.

ఇంత విన్నా లిఫ్టే కావాలని ఉంటే, అది మీ హక్కు, అడిగి తెలుసుకోండి. చెంగల్పట్టు కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే జిల్లా తీర మండల నిర్వహణ కమిటీకి ఒక అర్జీ పెట్టండి. తమిళంలో రాయించండి. విషయం ఇలా ఉంటే చాలు:

"నా పట్టా భూమి సర్వే నంబరు ఇది. దీని హద్దు బ్యాక్‌వాటర్. సొంత వాడకం కోసం, 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల తేలే బోట్ లిఫ్ట్ ఒకటి ఆ నీటిలో ఉంచదలచాను. నేలలో స్తంభాలు, కాంక్రీటు, తవ్వకం, పూడిక తీత ఉండవు. రెండు లంగరు దిమ్మలతో కట్టి ఉంచుతాను. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు తొలగిస్తాను. దీనికి సీఆర్‌జెడ్ అనుమతి అవసరమా, అవసరమైతే ఏ వర్గం కింద, ఏ పత్రాలతో దరఖాస్తు చేయాలో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."

దీనికి పట్టా, ఎఫ్‌ఎంబీ స్కెచ్, లిఫ్ట్ కొలతలున్న డ్రాయింగ్, బోటు రిజిస్ట్రేషన్ కాపీ జతచేయండి. ఒక కాపీ జల వనరుల శాఖ ఇంజనీరుకు ఇవ్వండి. రెండు చోట్లా మీ కాపీ మీద తేదీతో సీలు వేయించుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్న అడగండి, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాల్సి ఉంటుంది. "అనుమతి అక్కర్లేదు" అని వాళ్లే రాసిచ్చినా దాన్ని లామినేషన్ చేయించి దాచుకోండి, ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడి లాయరు అడుగుతాడు. డీలర్‌కు కూడా ఆ కాపీ ఒకటి ఇచ్చి, అప్పుడు ధర గురించి మాట్లాడండి.